నురగ పొంగితే మురికి పోతుందా?

వంటింటి సరుకులతో శుభ్రపరిచే ద్రావణాలను ఇంట్లోనే తయారుచేసుకోవాలనుకునేవారికి మొట్టమొదట ఎదురయ్యే సలహా, వినెగర్‌లో బేకింగ్ సోడా కలిపి పొంగిన నురగతో సింకు నుంచి స్నానాల గది నేల దాకా అన్నిటినీ తోమమనేది. ఆ మిశ్రమం చూడటానికి ఎంతో శక్తిమంతంగా ఉంటుంది కాబట్టే ఆ సలహాకు అంత ప్రచారం దక్కింది. కానీ వినెగర్ ఆమ్లం. వంట సోడా అని మనం పిలిచే సోడియం బైకార్బొనేట్ బలహీనమైన క్షారం. విడివిడిగా దేని పని అది చక్కగా చేసే ఈ రెండూ కలిసిన క్షణం నుంచి ఒకదాని గుణాన్ని మరొకటి హరిస్తాయి.

లెక్క వేసి చూస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. మామూలు వినెగర్‌లో దాదాపు 5 శాతం అసిటిక్ ఆమ్లం ఉంటుంది. ఒక చెంచా సోడాను, అంటే సుమారు 5 గ్రాములను, పూర్తిగా తటస్థీకరించడానికి అటువంటి వినెగర్ 70 మిల్లీలీటర్లు సరిపోతుంది. ఆ చర్యలో వెలువడే కార్బన్ డయాక్సైడ్, సుమారు 1.4 లీటర్లు, గాలిలో కలిసిపోతుంది. గిన్నెలో మిగిలేది ఇంచుమించు 5 గ్రాముల సోడియం అసిటేట్ అనే లవణం కరిగి ఉన్న నీళ్లు మాత్రమే. ఆ నీళ్లు జిడ్డును విడదీయలేవు, సున్నపు పొరను కరిగించలేవు. బుడగలు పొంగేటప్పుడు పైపైన అంటిన రేణువులు కొద్దిగా కదలవచ్చుగానీ, ఆ కదలిక బ్రష్షుతో నాలుగుసార్లు రుద్దినదానికి సాటిరాదు. మురుగు గొట్టంలో అడ్డుపడ్డ కొవ్వు, వెంట్రుకల ముద్ద విషయంలోనూ అంతే. గొట్టం పైభాగం తెరిచి ఉంటుంది కాబట్టి వాయువు సులువైన దారినే ఎంచుకుని పైకి వచ్చేస్తుంది తప్ప కింది అడ్డంకిని నెట్టదు. ఆ తర్వాత పోయమని చెప్పే మరుగునీళ్లే చాలాసార్లు అసలు పని చేస్తాయని, పేరు మాత్రం నురగకు దక్కుతుందని నా అభిప్రాయం.

శుభ్రపరచడంలో మొదట అడగవలసిన ప్రశ్న ఏ ద్రావణం మంచిదని కాదు, ఎదురుగా ఉన్న మురికి ఏ జాతిదని. కఠిన జలం ఆరిపోయాక కుళాయిల మీద, కెటిల్ అడుగున మిగిలే తెల్లటి పొర ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. దీనికి ఆమ్లం కావాలి. పొయ్యి చుట్టూ పేరుకునే జిగట పొర నూనె, కొవ్వు. దీనికి క్షారమో, సబ్బో కావాలి. సీసాల మీద చీటీ చింపాక మిగిలే జిగురుకు ఆమ్లమూ పనికిరాదు, క్షారమూ పనికిరాదు. కొద్దిగా వంటనూనె రాసి కాసేపు ఉంచితే అది మెత్తబడి వదులుతుంది, ఎందుకంటే నూనెలో కలిసే స్వభావం గల పదార్థాన్ని నూనే కరిగిస్తుంది. ఆ తర్వాత మిగిలిన నూనెను సబ్బుతో కడిగేయవచ్చు.

ఆమ్లంతో చేసే పనిలో పరిమాణానికి ఎంతో ప్రాధాన్యం ఉంది. ఒక గ్రాము కాల్షియం కార్బొనేట్‌ను కరిగించడానికి 1.2 గ్రాముల అసిటిక్ ఆమ్లం, అంటే 5 శాతం వినెగర్ 24 మిల్లీలీటర్లు అవసరం. కెటిల్ అడుగున 10 గ్రాముల పొర పేరుకుని ఉంటే పావు లీటరు వినెగర్ పోయవలసిందే. నాలుగు చుక్కలు చల్లి తుడిచి, ఇది పనిచేయడం లేదని విసుక్కునేవారు ఆ ఆమ్లానికి తగినంత పరిమాణాన్నీ ఇవ్వలేదు, తగినంత సమయాన్నీ ఇవ్వలేదు. వినెగర్‌లో తడిపిన గుడ్డను కుళాయికి చుట్టి అరగంట ఉంచితే, ద్రవం జారిపోకుండా ఆ రెండూ సమకూరుతాయి.

వినెగర్ వాసన నచ్చనివారికి సిట్రిక్ ఆమ్లం మంచి ప్రత్యామ్నాయం. నిమ్మరసంలో ఇది 5 నుంచి 6 శాతం ఉంటుంది. రసాయన శాస్త్రవేత్త కార్ల్ షీలే 1784లో దీన్ని నిమ్మరసం నుంచే స్ఫటికాలుగా వేరుచేశాడు. నిమ్మరసంతో పోలిస్తే పొడి రూపంలో దొరికే సిట్రిక్ ఆమ్లమే ఈ పనికి అనువైనది, ఎందుకంటే రసంలో ఉండే చక్కెరలు, గుజ్జు తుడిచిన చోటనే జిగటగా మిగిలిపోతాయి. ఇనుము అయాన్లను (విద్యుదావేశం గల కణాలను) గట్టిగా పట్టుకునే గుణం కూడా సిట్రిక్ ఆమ్లానికి ఉండటంతో తుప్పు మరకల మీద ఇది వినెగర్ కంటే మెరుగ్గా పనిచేస్తుంది. ఒక చిక్కు మాత్రం గుర్తుంచుకోవాలి. సున్నపు పొరతో చర్య జరిగాక ఏర్పడే కాల్షియం సిట్రేట్ నీటిలో అంతగా కరగదు, వేడి నీటిలో మరీ తక్కువగా కరుగుతుంది. అందుచేత చిక్కటి ద్రావణాన్ని మరిగిస్తే కొత్త తెల్లపొర ఒకటి ఏర్పడే అవకాశం ఉంది. గోరువెచ్చని, పలచని ద్రావణమే మేలు.

రాగి మీది కిలుముకు ఉప్పు, నిమ్మరసం కలిపి రుద్దడం మాత్రం నిజంగా అర్థవంతమైన మిశ్రమం. ఆమ్లం రాగి ఆక్సైడ్‌ను కరిగిస్తుంది, ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు రాగి అయాన్లతో జతకట్టి ఆ కరగడాన్ని వేగవంతం చేస్తాయి, కరగని ఉప్పు రేణువులు సన్నని రాపిడిని అందిస్తాయి. పని ముగిశాక బాగా కడిగి ఆరబెట్టకపోతే అదే ఉప్పు మళ్లీ కిలుమును పిలుస్తుంది. పాలరాయి, సున్నపురాయి పరచిన గచ్చుల దగ్గరికి మాత్రం ఏ ఆమ్లాన్నీ రానీయకూడదు. అవి కూడా కాల్షియం కార్బొనేటే కాబట్టి కెటిల్‌లోని పొరను కరిగించిన చర్యే అక్కడ మెరుపును తినేస్తుంది. టైళ్ల మధ్య సిమెంటు, పోత ఇనుప పెనాలు, అల్యూమినియం పాత్రలు కూడా ఆమ్లానికి దూరంగా ఉండవలసినవే.

క్షారాల వైపు వస్తే, వంట సోడా నిజానికి చాలా సౌమ్యమైనది. ఆమ్ల క్షార స్వభావాన్ని తెలిపే కొలమానమైన పీహెచ్ దాని ద్రావణానికి 8.3 దగ్గర ఉంటుంది, అంటే తటస్థమైన నీటి కంటే కొంచెమే ఎక్కువ. దాని అసలు ప్రయోజనం మెత్తని రాపిడి. మోస్ మాపకం మీద దాని కాఠిన్యం 2.5 ప్రాంతంలో, గాజు కాఠిన్యం 5.5 ప్రాంతంలో ఉంటాయి కాబట్టి గాజు మీద, పింగాణీ మీద గీతలు పడకుండా తోమవచ్చు. నీళ్లు తక్కువగా వేసి ముద్దలా చేసినప్పుడే ఈ గుణం ఉపయోగపడుతుంది. సోడా మొత్తం కరిగిపోతే రాపిడీ పోయినట్లే.

మొండి జిడ్డుకు దాని అన్నగారైన వాషింగ్ సోడా కావాలి. సోడియం కార్బొనేట్ అనబడే ఈ పదార్థం ద్రావణం పీహెచ్ 11 దాకా చేరుతుంది. పాతబడిన కొవ్వులో విడిగా ఉండే కొవ్వు ఆమ్లాలతో ఇది చర్య జరిపి అక్కడికక్కడే సబ్బును పుట్టిస్తుంది, ఆ సబ్బు మిగిలిన జిడ్డును లాగేస్తుంది. వంట సోడాను వెడల్పాటి పళ్లెంలో పరచి 200 డిగ్రీల సెల్సియస్ వద్ద ఓవెన్‌లో ఒక గంట ఉంచితే నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి వాషింగ్ సోడా మిగులుతుంది; 100 గ్రాములు పెడితే సుమారు 63 గ్రాములు చేతికి వస్తుంది. ఇది చర్మాన్ని పొడిబార్చి మండిస్తుంది కాబట్టి తొడుగులు లేనిదే ముట్టకూడదు. అల్యూమినియం, ఉన్ని, పట్టు దీనికి తట్టుకోలేవు.

ఈ పొడులను సహజమైనవని, దుకాణంలో దొరికే ద్రావణాలను రసాయనాలని విడదీయడం వాడుకలో ఉందిగానీ, ఆ విభజన నిలవదు. 1791లో నికొలా లెబ్లాంక్, 1861లో ఎర్నెస్ట్ సాల్వే రూపొందించిన పద్ధతులతో సోడా భారీ పరిశ్రమగా మారింది. నేటికీ అది సాల్వే పద్ధతి నడిచే కర్మాగారాల నుంచో, ట్రోనా అనే ఖనిజం తవ్వే గనుల నుంచో వస్తుంది. ఇంట్లో కలుపుకోవడంలోని లాభం రసాయనాలు లేకపోవడం కాదు. ఏ రసాయనం ఎంత ఉందో మనకు తెలియడం, అనవసరమైన రంగులు, సువాసనలు లేకపోవడం.

జిడ్డు విషయంలో సబ్బును మించిన వంటింటి మిత్రుడు లేడు. నీటి తలతన్యత, అంటే ఉపరితలం బిగుసుకుని ముడుచుకునే గుణం, 25 డిగ్రీల వద్ద మీటరుకు 72 మిల్లీన్యూటన్లు ఉండగా, సబ్బు కలిపితే అది సగానికంటే తక్కువకు పడిపోతుంది, దాంతో నీరు బొట్లుగా ముడుచుకోక జిడ్డు కిందికి పాకుతుంది. సబ్బు అణువు ఒక కొస నూనెలోకి, మరో కొస నీటిలోకి చేరి కొవ్వును చిన్న చిన్న తునకలుగా తేలుస్తుంది. మురికి నీటి ఉపరితలం ఇలా ఎందుకు ప్రవర్తిస్తుందో కొలిచి చూపిన తొలివారిలో ఆగ్నెస్ పోకెల్స్ ఒకరు. జర్మనీలో విశ్వవిద్యాలయ విద్యకు నోచుకోక, తల్లిదండ్రులను చూసుకుంటూ ఇంటిపట్టునే ఉండిపోయిన ఆమె, ఇంట్లోని సామాన్యమైన పరికరాలతోనే ప్రయోగాలు చేసి తన ఫలితాలను భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీకి లేఖగా రాశారు. ఆయన చొరవతో 1891లో ఆ లేఖ నేచర్ పత్రికలో అచ్చయింది. ఉపరితల విజ్ఞానానికి పునాదుల్లో ఒకటి ఇంట్లో జరిగిన ప్రయోగాల నుంచే వచ్చిందన్నమాట.

సబ్బు ద్రావణంలో వినెగర్ కలపమనే సలహా కూడా తరచుగా వినిపిస్తుంది. అసలైన సబ్బు కొవ్వు ఆమ్లాల లవణం కనుక ఆమ్లం తగలగానే విరిగి, పాలు విరిగినట్లు తెల్లటి ముక్కలుగా తేలి, కడగవలసిన చోటనే జిడ్డుగా అంటుకుంటుంది. గిన్నెలు తోమడానికి వాడే ద్రవాలలో చాలావరకు సబ్బు కాక డిటర్జెంట్ ఉంటుంది, అది ఇలా విరగదు.

వంటింటి పదార్థాలు చేసే పనులన్నింటిలోకీ నాకు అత్యంత ఆశ్చర్యకరంగా తోచేది నల్లబడిన వెండికి మెరుపు తేవడం. ఆ నలుపు వెండి సల్ఫైడ్. పాలిష్‌తో రుద్దితే నలుపుతోపాటు దానిలో ఉన్న వెండి కూడా అరిగిపోతుంది. పూత వేసిన వస్తువుల మీద ఈ నష్టం కొన్నేళ్లలోనే కంటికి కనిపిస్తుంది. దీనికి బదులు ఒక గిన్నెలో అల్యూమినియం రేకు పరచి, వస్తువు ఆ రేకును తాకేలా ఉంచి, లీటరు వేడి నీటిలో ఒక పెద్ద చెంచా వంట సోడా, కొంచెం ఉప్పు కరిగించి పోస్తే కొన్ని నిమిషాల్లో నలుపు వెనక్కి తగ్గుతుంది. అల్యూమినియాన్ని ఎప్పుడూ కప్పి ఉంచే ఆక్సైడ్ పొరను వేడి సోడా నీళ్లు కరిగిస్తాయి. అప్పుడు బయటపడిన లోహం ఎలక్ట్రాన్లను వెండి సల్ఫైడ్‌కు అందిస్తుంది, గంధకం దాన్ని వదిలిపోతుంది, వెండి తిరిగి లోహంగా ఉన్నచోటనే నిలుస్తుంది. అంటే ఆ గిన్నె కొద్దిసేపు ఒక చిన్న బ్యాటరీగా మారుతుంది. కుళ్లిన గుడ్ల వాసన లీలగా వస్తే అది ఆ గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారిందన్న సూచన; కిటికీ తెరిచి ఉంచితే చాలు. రాళ్లు పొదిగిన నగలను, చెక్కడాలలో కావాలని నలుపు నింపిన వస్తువులను మాత్రం ఇందులో ముంచకూడదు.

వాసనల విషయంలోనూ ఆమ్ల క్షారాల లెక్కే. పులిసిన పాల వాసనకు కారణమైన బ్యూటిరిక్ ఆమ్లాన్ని సోడా కట్టిపడేస్తుంది, చేపల వాసనకు కారణమైన ట్రైమిథైల్ అమీన్ క్షారం కనుక దాన్ని నిమ్మరసం అణచివేస్తుంది.

శుభ్రంగా కనిపించడం, సూక్ష్మజీవులు నశించడం రెండూ ఒకటి కావు. వినెగర్ కొన్ని బ్యాక్టీరియాను చంపగలిగినా, ఇంట్లో జబ్బుపడినవారున్నప్పుడు దాని మీద ఆధారపడటం తగదు. వంట సోడాకు ఆ శక్తి లేనే లేదు. సబ్బు నీళ్లు క్రిములను మురికితోపాటు ఊడ్చేస్తాయి, కొవ్వు పొర కప్పుకున్న వైరస్‌ల పొరను చీల్చేస్తాయి. అంతకు మించి కావాలంటే 70 శాతం ఆల్కహాలో, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడో వాడాలి. ఈ రెండవది ఉపరితలం మీద కొన్ని నిమిషాలపాటు తడిగా నిలిచి ఉండాలి.

ఇప్పటివరకు చెప్పిన తప్పుడు మిశ్రమాలు పనికిరానివి మాత్రమే. ఇప్పుడు చెప్పేవి ప్రాణాంతకమైనవి. బ్లీచ్‌లో వినెగర్ గానీ నిమ్మరసం గానీ పడితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్‌లో, బెల్జియంలోని ఈప్ర యుద్ధభూమిలో సైనికుల మీద ప్రయోగించినది ఇదే వాయువు. అమ్మోనియాతో బ్లీచ్ కలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరమీన్లు, ఆల్కహాల్‌తో కలిస్తే క్లోరోఫాం వంటి విషాలు పుడతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌నూ వినెగర్‌నూ ఒకే సీసాలో పోస్తే కళ్లను, గొంతును మండించే పెరాసిటిక్ ఆమ్లం తయారవుతుంది. ఒక ద్రావణం వాడిన చోట మరొకటి వాడవలసి వస్తే మధ్యలో నీళ్లతో పూర్తిగా కడగాలి. అలా కడిగిన పక్షంలో, మొదట సోడా ముద్దతో తోమి, ఆ తర్వాత వినెగర్‌తో తుడవడంలో తప్పేమీ లేదు. రెండూ తమ తమ పని ముగించుకునే వీలు దొరుకుతుంది.

నిల్వ గురించి కొన్ని మాటలు. వినెగర్ తనను తాను కాపాడుకుంటుందిగానీ, నిమ్మరసం, తొక్కలు కలిపిన నీళ్లు నిల్వకారకాలు లేనందువల్ల త్వరలోనే బూజుపడతాయి. కావలసినంత మేరకే కలుపుకోవాలి. సోడా, వినెగర్ కలిపిన సీసాకు మూత బిగిస్తే వాయువు ఒత్తిడికి అది పగిలిపోవచ్చు. తాగునీటి సీసాలలో ఏ ద్రావణాన్నీ నింపకూడదు, ప్రతి సీసా మీదా లోపల ఉన్నదాని పేరు, కలిపిన తేదీ పెద్ద అక్షరాలతో రాయాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ముదురు రంగు సీసాలో అమ్మడానికి కూడా కారణముంది: వెలుతురు తగిలితే అది నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. దాన్ని అందమైన పారదర్శకమైన స్ప్రే సీసాలోకి మార్చి కిటికీ పక్కన ఉంచినవారు కొంతకాలం తర్వాత చల్లేది దాదాపు వట్టి నీళ్లే.