పిందె రాలితే పురుగుమందా? పెరటి తోటలపై అపోహలు, వాస్తవాలు

సంక్రాంతికి అటూ ఇటూగా పెట్టిన బీర, సొర, గుమ్మడి పాదులు శివరాత్రి దాటి చలి వెనకబట్టే వేళకు పూత మీదికి వస్తాయి. ఇళ్ల పెరళ్లకు, మేడల మీది తోటలకు సలహాలివ్వడమే నా పని కాబట్టి, ఆ రోజుల్లో నన్ను అందరూ అడిగేది ఒక్కటే: "పిందెలన్నీ రాలిపోతున్నాయి, ఏ మందు కొట్టమంటారు?"

అపోహ: పిందె పసుపుబారి రాలిందంటే పురుగో తెగులో పట్టినట్టే.

వాస్తవం: ఈ తీగల్లో మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. మొదట వచ్చేవి ఎక్కువగా మగపూలే కనుక అవి రాలిపోవడం సహజం. ఆడపువ్వు అడుగున, పువ్వు విచ్చకముందే చిన్న పిందె ఉంటుంది. దాన్ని చూసి కాయ పట్టిందని సంబరపడతారు. పుప్పొడి అందకపోతే అది కొన నుంచి పసుపుబారి, ముడుచుకుని, కొద్ది రోజుల్లోనే రాలుతుంది. కోసి చూస్తే లోపల పురుగు ఉండదు. అదే పండు ఈగ కుట్టిన పిందెకైతే కుట్టిన చోట జిగురు చుక్క కనబడుతుంది, కాయ వంకర తిరుగుతుంది, లోపల తెల్లని పురుగులు కదులుతుంటాయి.

ఈ తేడా చూడకుండానే దుకాణంలో ఇచ్చిన ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు పూత మీద కొట్టేస్తారు. అది మొక్కలోకి ఇంకి పుప్పొడిలోకి, మకరందంలోకి చేరుతుంది. పుప్పొడి మోయవలసిన తేనెటీగలే దానికి బలవుతాయి. దాంతో మరిన్ని పిందెలు రాలతాయి, రోగం ముదిరిందనుకుని మళ్లీ మందు కొడతారు. డబ్బూ కాయలూ రెండూ పోయేది ఇక్కడే.

కూకట్‌పల్లిలో ఐదో అంతస్తు పైన గుమ్మడి పెంచుకుంటున్న ఒక పెద్దావిడ రాలిన పిందెలను పళ్లెంలో దాచి చూపిస్తూ, "నా చెయ్యే మంచిది కాదేమో నాయనా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఒక్కొక్కటే కోసి చూశాం. ఒక్కదానిలోనూ పురుగు లేదు. మర్నాడు తెల్లవారగానే ఒక మగపువ్వు కోసి, రేకులు తుంచేసి, మధ్యనున్న పుప్పొడి కాడను ఆడపువ్వు కీలాగ్రానికి, అంటే పువ్వు నడుమ పుప్పొడిని అందుకునే భాగానికి, ఆవిడ చేతే మెల్లగా అద్దించాను. ఆ పిందె నిలబడి, వారం తిరిగేసరికి ఆవిడ పిడికిలిని మించింది.

గుమ్మడి, దోస, కాకర పూలు పొద్దున్నే విచ్చుకుంటాయి కాబట్టి ఎండ ఎక్కకముందే ఈ పని ముగించాలి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. వేపనూనెనైనా పూల మీద పడనివ్వకండి. "సాయంత్రం కొడితే ఏమీ కాదు" అన్న సలహా బీర, సొర పాదులకు చెల్లదు.

అపోహ: కరివేపాకు, నిమ్మ మొక్కలను తినే పురుగు చెట్టునే చంపేస్తుంది.

వాస్తవం: మొదట పక్షి రెట్టలా కనిపించి, తర్వాత పచ్చబడే ఆ పురుగు సీతాకోకచిలుక పిల్ల. ఎదిగిన చెట్టుకు దానివల్ల వచ్చే ముప్పేమీ లేదు. లేత మొక్క మీద ఉంటే తీసి పెద్ద చెట్టు మీద వదలండి.

అపోహ: జెర్రిపోతు నాగుపాముతో జతకడుతుంది, అదీ విషసర్పమే.

వాస్తవం: రెండూ వేరువేరు జాతులు, జెర్రిపోతుకు విషం లేదు, అది ఎలుకలను తింటుంది, ఈ వదంతి మోసేవారు ఇకనైనా మానాలి. అయితే పసిపిల్లలున్న ఇంట్లో భయం ఉండటం సహజమే. ఎండలు ముదిరేకొద్దీ పాముల తిరుగుడు పెరుగుతుంది కనుక గోడవారనున్న ఇటుకల, కట్టెల కుప్పలు తీసేయండి, రాత్రిపూట టార్చి లేకుండా పెరట్లోకి వెళ్లకండి. ఏ పామో తెలియనప్పుడు దూరంగా ఉండి, పాములు పట్టడంలో శిక్షణ పొందినవారిని పిలవండి.

ఇక వేప ఆకు రాల్చే కాలం ఇదే. ఆ ఆకును కాల్చకుండా పాదుల మొదట్లో రెండంగుళాల మందాన పరిస్తే వేసవిలో తేమ నిలుస్తుంది. కొమ్మలు కత్తిరించేముందు తేనెపిట్ట గూడు వేలాడుతోందేమో చూడండి. ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ కొమ్మ జోలికి వెళ్లకండి.