స్పీడ్ కేసు: వెయ్యి కట్టేస్తే అయిపోతుందా? అపోహలు – వాస్తవాలు

బెంగళూరు–మైసూరు హైవే మీద స్పీడుకి దొరికిపోయిన మన తెలుగువాళ్లు ముందుగా అనే మాట ఒకటే: "వెయ్యి రూపాయలే కదండీ, ఫోన్లో కట్టేస్తే అయిపోయె." బెంగళూరులోని వైట్‌ఫీల్డ్, మారతహళ్లి అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఇదే సలహా తిరుగుతుంటుంది. ఆ సలహా ఇచ్చేవాళ్లెవరూ "ఎంత స్పీడులో పోయారు?" అని అడగరు. అసలు అడగాల్సింది అదొక్కటే.

ఆ హైవే మీద కార్లకి లిమిట్ గంటకి 100 కిలోమీటర్లు. 100 దాటి 130 లోపైతే సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 183 కింద చలానా పడుతుంది. కర్ణాటకలో కారుకి వెయ్యి. కట్టేస్తే ఆ చలానా వరకు పని ముగిసినట్టే. రెండోసారి దొరికితే లైసెన్స్ పట్టుకుని సస్పెన్షన్‌కి పంపాలని అదే సెక్షన్ చెబుతుంది. ఈ ముక్క ఎక్కువమందికి తెలియదు.

130 దాటితే కథ మారుతుంది. 2024 ఆగస్టు 1 నుంచి కర్ణాటకలో ఎక్కడైనా సరే 130 దాటి నడిపితే ఎఫ్ఐఆర్ వేయాలని పోలీసులు నిర్ణయించారు. అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 281, అంటే నిర్లక్ష్యంగా బండి నడపడం కింద వస్తుంది. పాత ఐపీసీలో 279 అనేవాళ్లు. ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి వరకు జరిమానా, లేదా రెండూ. దీనికి మోటారు చట్టం 184, అంటే ప్రమాదకరంగా నడపడం, కలిపితే మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల జరిమానా, లేదా రెండూ. ఇక్కడా "వెయ్యి" అనే అంకె కనిపిస్తుంది కాబట్టే జనం మోసపోతున్నారు. ఇది పోలీసులకి కట్టే వెయ్యి కాదు, కోర్టు వేసే శిక్ష. ఏ యాప్‌లోనూ కట్టడానికి ఉండదు.

బెయిలబుల్ కేసే. స్టేషన్‌లోనే బెయిలు దొరుకుతుంది, చేతులకి బేడీలు వేస్తారని వణకక్కర్లేదు. అయితే కేసు నడిచేది బండి దొరికిన చోటే. మద్దూరు దగ్గర దొరికితే మద్దూరు కోర్టు, మండ్య దగ్గరైతే మండ్య కోర్టు. మీరు కేఆర్ పురంలో ఉంటున్నారని కేసు బెంగళూరు మేయో హాల్ కోర్టుకి రాదు. 118 కిలోమీటర్ల దారిలో 100కి బదులు 130లో పోతే కలిసొచ్చేది పదహారు నిమిషాలు. ఒక్క వాయిదాకి వెళ్లొస్తే పోయేది ఒకరోజు సెలవు.

అసలు దెబ్బ తగిలేది ఆ తర్వాత. కోర్టులో "తప్పు ఒప్పుకుంటాను, ఫైను కట్టి పోతాను" అంటే పని ఒక్కరోజులో తేలిపోతుంది, నిజమే. కానీ రికార్డులో అది శిక్ష పడినట్టే లెక్క. అమెరికా వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు. అక్కడ "లేదు" అని టిక్కు పెడితే అబద్ధం రాసినట్టు. చార్జిషీటు కోర్టుకి చేరి కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టుకి కోర్టు అనుమతి కావాల్సి రావచ్చు. ఒప్పుకోవడమే మంచిదయ్యే సందర్భాలూ ఉంటాయి. కానీ ఆ నిర్ణయం చార్జిషీటు చదివిన వకీలుతో కూర్చుని తీసుకోవాలి, కోర్టు వరండాలో "ఐదు నిమిషాల పని సార్" అని పిలిచేవాళ్ల మాట మీద కాదు.

దీనికి పూర్తిగా ఎదురు భయం ఉన్నవాళ్లూ ఉన్నారు. 108 స్పీడులో దొరికి ఒక మామూలు చలానా వస్తే "నా పాస్‌పోర్టు పోయిందా, హెచ్1బీ పోయిందా" అని నిద్ర మానుకుంటారు. పోదు. స్పీడ్ చలానా క్రిమినల్ కేసు కాదు. కట్టేసి రసీదు పీడీఎఫ్ దాచుకుంటే చాలు.

"ఎక్స్‌ప్రెస్‌వే అంటే 120 పోవచ్చు కదా" అనేది ఇంకో మొండి అపోహ. కేంద్రం 2018లో ఎక్స్‌ప్రెస్‌వేల మీద కార్లకి 120 అన్నది గరిష్ఠ పరిమితి. దానికి లోబడి తగ్గించుకునే అధికారం రాష్ట్రాలకి ఉంది. మైసూరు దారికి కర్ణాటక పెట్టింది 100. ఎయిర్‌పోర్టు రోడ్డుకి 80. బోర్డు మీదున్న అంకే చట్టం. పసుపు బోర్డు ట్యాక్సీలకైతే 80 దాటనివ్వని పరికరం, అంటే స్పీడ్ గవర్నర్, ఉండాలి. బైకులు, ఆటోలు, ట్రాక్టర్లకి 2023 ఆగస్టు 1 నుంచి మైసూరు హైవే మెయిన్ క్యారేజ్‌వే, అంటే మధ్యనున్న అసలు రోడ్డు, మీదకే ప్రవేశం లేదు, సర్వీస్ రోడ్డులో పోవాల్సిందే.

"కెమెరా దగ్గర బ్రేకు వేస్తే చాలు." ఒక్క చోట కొలిచే కెమెరాకి అది పని చేయొచ్చు. సెక్షనల్ స్పీడ్, అంటే రెండు కెమెరాల మధ్య సగటు వేగం కొలిచే పద్ధతి, ఉన్నచోట చేయదు. రెండు కెమెరాల మధ్య 20 కిలోమీటర్లుంటే, 100 లిమిట్‌లో దాటడానికి కనీసం 12 నిమిషాలు పట్టాలి. మీరు 10 నిమిషాల్లో తేలారంటే సగటు 120. కెమెరా కింద 60లో నడిచినా లాభం లేదు.

"మీటర్లో 98 ఉంది, పోలీసుల స్పీడ్ గన్‌లో 108 ఎలా వస్తుంది?" కంపెనీ టైర్లతో ఉన్న కారు మీటరు అసలు స్పీడు కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించకూడదని ప్రమాణాలే చెబుతాయి. అందుకని 98 చూపిస్తే అసలు స్పీడు 98 లోపే ఉండాలి. టైర్లు మార్చారా అన్నది చూడండి. 185/65 ఆర్15 ఉండాల్సిన చోట 205/65 ఆర్15 వేస్తే చక్రం వ్యాసం 4 శాతం పైగా పెరుగుతుంది, మీటరు అంతమేర తక్కువ చూపిస్తుంది. లేజర్ గన్‌ని పక్క నుంచి కొట్టినందుకు రీడింగు పెరిగిందనే వాదన కూడా నిలబడదు. కోణం పెరిగేకొద్దీ రీడింగు తగ్గుతుంది. 10 డిగ్రీల కోణంలో 120 కాస్తా 118 అవుతుంది. పక్క లేన్ బండి స్పీడు మీ మీద పడిందనడం కూడా కష్టమే. 300 మీటర్ల దూరంలో ఆ కిరణం వెడల్పు దాదాపు ఒక మీటరు మాత్రమే.

అలాగని చలానా వేదవాక్కు కాదు. గన్ గానీ కెమెరా గానీ లేకుండా ఒక్క పోలీసు "వేగంగా పోయావు" అన్నంత మాత్రాన సెక్షన్ 183 కింద శిక్ష వేయకూడదని చట్టమే చెబుతోంది. కెమెరా చలానా అయితే కేంద్ర మోటారు వాహనాల రూల్సులో 167ఏ తీసి చూడండి. నంబరు ప్లేటు స్పష్టంగా కనబడే ఫోటో, పరికరం కొలిచిన స్పీడు, తేదీ, టైము, చోటు నోటీసులో ఉండాలి. నోటీసు 15 రోజుల్లోపు పంపాలి. ఆ పరికరానికి ఏటా రెన్యూ అయ్యే సర్టిఫికెట్ ఉండాలి. ఫోటోలో బండి మీది కాకపోతే, అంటే రంగో మోడలో తేడా ఉంటే, డబ్బు కట్టకుండా అభ్యంతరం పెట్టండి. ముందు కట్టేసి తర్వాత తిరిగి అడిగితే చాలా తిప్పలు.

పోలీసులు ఆపినప్పుడు ఎడమ ఇండికేటర్ వేసి, లేన్‌లో కాదు, పూర్తిగా షోల్డర్ (రోడ్డు అంచు) మీదకి తీసి ఆపండి. హజార్డ్ లైట్లు వేయండి. ట్రాఫిక్ వైపు తలుపు తీయొద్దు. యూనిఫాంలో ఉన్న ఏ పోలీసైనా లైసెన్స్ అడగొచ్చు, డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో చూపిస్తే చెల్లుతుంది. వాట్సాప్‌లో ఉన్న ఫోటో చెల్లదు. గన్ రీడింగు చూపించమని అడగడంలో తప్పేం లేదు, చాలామంది చూపిస్తారు. అంగీకారం లేకపోతే అక్కడ కట్టకండి, కోర్టుకి పంపమనండి. రసీదు లేకుండా మాత్రం రూపాయి తీయొద్దు. చిక్కబళ్లాపురం, కోలార్ వైపు తెలుగు తెలిసిన పోలీసులు బోలెడుమంది, భాషతో ఇబ్బంది ఉండదు. అలాగని "మనమంతా ఒకటే సార్" మొదలుపెట్టొద్దు.

"యాభై శాతం డిస్కౌంటు వస్తుంది, ఆగుదాం" అనే బ్యాచ్ ఒకటుంది. కర్ణాటక 2023 ఫిబ్రవరిలో ఇచ్చింది, 2025లో ఆగస్టు 23 నుంచి సెప్టెంబర్ 12 వరకూ ఇచ్చింది, నిజమే. చలానాకైతే కలిసొస్తే కలిసొచ్చింది. ఎఫ్ఐఆర్‌కి ఈ డిస్కౌంటు లేదు.

"ఏపీ నంబరు బండి, ఇక్కడివాళ్లకి మన వివరాలు దొరకవు" అన్నది ఎప్పటిదో పాతమాట. సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకున్నా అంతే. పోలీసులు అడిగితే ఆ రోజు ఎవరు నడిపారో చెప్పాల్సిన బాధ్యత సెక్షన్ 133 కింద యజమానిదే, కంపెనీ మీ పేరు ఇచ్చేస్తుంది. ఇక్కడ జరిగే నష్టం వేరే. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్ల ఆర్సీలో ఇంకా పాత యజమాని ఫోన్ నంబరే ఉంటుంది. మెసేజ్ అతనికి పోతుంది, మీకేమో బండి అమ్మే రోజు తెలుస్తుంది. చాసిస్, ఇంజిన్ నంబర్లు చేతిలో పెట్టుకుని పరివాహన్ సైట్లో నంబరు మార్చుకోండి.

మీ నంబరుకే మెసేజ్ వచ్చినా, "ఆర్టీఓ చలానా" అంటూ ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైలు) వస్తే తెరవకండి. అది మీ బ్యాంకు ఖాతా కోసం దొంగలు పంపేది. నిజమైన చలానాకి ఏ ఫైలూ ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేదు. ప్రభుత్వ చలానా సైటు మీరే తెరిచి, బండి నంబరు కొట్టి చూసుకోండి.