ఖాళీ పురుగుమందు డబ్బాలు: అపోహలు - వాస్తవాలు

పత్తి, మిరప రైతులకు మందుల వాడకం గురించి చెప్పడం నా పని. ఏ మందు కొట్టాలని అడిగేవాళ్లు చాలామంది. డబ్బాను ఏం చేయాలని అడిగేవాళ్లు తక్కువే, ఎవరి సమాధానం వాళ్ల దగ్గర ముందే ఉంటుంది మరి.

అపోహ: చుక్క లేకుండా వంచేశాను, డబ్బా ఖాళీ.
వాస్తవం: గోడలకు, మూత మరలకు, బోలుగా ఉండే పిడిలో మందు అంటుకునే ఉంటుంది. మందు కలిపేటప్పుడే, చేతి తొడుగులు తీయకముందే, డబ్బాలో పావు వంతు నీళ్లు పోసి, మూత బిగించి, అర నిమిషం గట్టిగా ఊపండి. ఆ నీళ్లను పిచికారీ ట్యాంకులోనే పోసి, ధార ఆగాక ఇంకో అర నిమిషం వంచి పట్టుకోండి. ఇలా మూడుసార్లు. సాయంత్రం చూద్దాంలే అనుకుంటే మందు ఎండి పట్టేస్తుంది. పైగా అది మీరు డబ్బు పెట్టి కొన్న మందే కదా!

అపోహ: మూడుసార్లు దేనికి? ఒకేసారి ఎక్కువ నీళ్లు పోస్తే చాలు.
వాస్తవం: లెక్క చూడండి. లీటరు డబ్బాలో 10 మిల్లీలీటర్ల మందు మిగిలిందనుకుందాం, వంచిన ప్రతిసారీ అంతే ద్రవం లోపల ఉండిపోతుందనుకుందాం. ఒకేసారి 750 మిల్లీలీటర్ల నీళ్లతో కడిగితే దాదాపు 0.13 మిల్లీలీటర్ల మందు మిగులుతుంది. అవే నీళ్లను 250 చొప్పున మూడుసార్లు పోస్తే మిగిలేది 0.0006 మాత్రమే. నీళ్లు అవే, తేడా రెండు వందల రెట్లకు పైనే.

అపోహ: సబ్బుతో బాగా తోమితే ఇంట్లో వాడుకోవచ్చు.
వాస్తవం: వద్దు. ఎంత కడిగినా వద్దు. ఈసీ రకం (నీళ్లలో కలిపితే పాలలా మారే ద్రవ) మందుల్లోని ద్రావకం ప్లాస్టిక్‌లోకి కొంత ఇంకుతుంది, సబ్బు అక్కడికి చేరదు. 2013 జూలైలో బీహార్‌లోని గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. నూనెను మందు డబ్బాలో నిల్వ చేశారన్న అనుమానం అప్పట్లో బలంగా వినిపించింది. కిరోసిన్‌కో, డీజిల్‌కో వాడతామనేవాళ్లూ ఉన్నారు. రేపు అదే డబ్బా ఎవరి చేతికి పోతుందో మనకు తెలియదు.

అపోహ: కాల్చేస్తే పీడ పోతుంది.
వాస్తవం: గట్టు మీద మంటకు అంత వేడి ఉండదు. విషపు పొగ వస్తుంది, దాన్ని ముందు పీల్చేది మీరే. ఇక పూడ్చడం అంటారా, పగలగొట్టి ఊరికి దూరంగా పూడ్చాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లో ఉన్న మాట నిజమే. కానీ కడగని డబ్బాను బోరు పక్కన పూడిస్తే ఆ విషం నీళ్లలోకి దిగొచ్చు. రీసైక్లింగ్ దారి దొరికిన చోట పూడ్చకపోవడమే మేలని నా అభిప్రాయం.

అపోహ: పాత సామాన్లవాడికి అమ్మితే రీసైక్లింగ్ అయినట్టే.
వాస్తవం: అది ఏం ప్లాస్టిక్కో చెప్పకుండా అమ్మితే రేపు బకెట్టో, మగ్గో అయి ఇంటికే రావచ్చు. ఈ ప్లాస్టిక్ కరెంటు తీగల పైపుల వంటి వాటికే పోవాలి. బ్రెజిల్‌లో చట్టం ప్రకారం రైతు ఏడాదిలోపు డబ్బాను తిరిగి ఇవ్వాలి, దుకాణదారు తీసుకోవాలి, తయారీదారు దాని సంగతి చూడాలి. మన దగ్గర అలా డబ్బాలు వాపసు తీసుకునే కేంద్రం ప్రతి మండలంలో లేదు. అందుకని కడిగి, అడుగున చిల్లు పెట్టి (లేబుల్ మాత్రం చిరగనివ్వకండి), మూతలు వేరు చేసి, సంచిలో వేసి తాళం ఉన్న చోట పెట్టండి. కొత్త మందు కొనేటప్పుడు దుకాణదారుణ్ని, మీ వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి, వాపసు తీసుకునే ఏర్పాటు ఉందా అని. నలుగురు అడిగితేనే ఆ ఏర్పాటు వస్తుంది.

రేకు పొర ఉన్న పొడి మందు ప్యాకెట్లను డబ్బాలతో కలపకండి, అవి ఆ రీసైక్లింగ్‌కు పనికిరావు. వాటికి వేరే సంచి పెట్టండి.