పిరమిడ్ బరువంతా కిందే ఉంది

ఈజిప్టులోని గీజాలో ఉన్న ఖుఫు రాజు పిరమిడ్ గురించి ఏ వీడియో చూసినా మొదట వినిపించే లెక్క ఒకటే. సుమారు 23 లక్షల రాళ్లు, ఒక్కోటి సగటున రెండున్నర టన్నులు, ఎత్తు 146 మీటర్లు, కట్టిన కాలం 20 ఏళ్లు. భాగించి చూస్తే రోజుకు 315 రాళ్లు. పది గంటల పని అనుకుంటే రెండు నిమిషాలకో రాయి. అంత ఎత్తుకు, అంత వేగంగా, క్రేన్లు లేని కాలంలో! అక్కడి నుంచి కథ గ్రహాంతరవాసుల వైపు మళ్లడానికి ఎంతోసేపు పట్టదు.

లెక్కలో తప్పు లేదు. అది చెప్పకుండా దాటేసిన సంగతే అసలైనది: ఆ రాళ్లలో ఎన్ని, ఎంత ఎత్తుకు వెళ్లాయి? పిరమిడ్ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కదా, రాతి పరిమాణం దానికంటే చాలా వేగంగా తగ్గిపోతుంది. ఎత్తులో కింది మూడో వంతు పూర్తయ్యేసరికి మొత్తం రాతిలో 70 శాతం పేర్చేసినట్టే. సగం ఎత్తుకు 87.5 శాతం. పై నాలుగో వంతులో ఉన్నది నూటికి రెండు పాళ్లయినా కాదు. ఇంకా ఆశ్చర్యం, నేల నుంచి 30 మీటర్లు లేచేసరికి సగం పిరమిడ్ అయిపోయింది. మొత్తం రాతిని సగటున ఎక్కించాల్సిన ఎత్తు 37 మీటర్లు, అంటే పన్నెండు అంతస్తుల మేడ.

ఈ చిన్న జ్యామితిని పక్కన పెట్టుకుంటే పిరమిడ్ల మీద వచ్చిన సిద్ధాంతాలన్నీ వేరేగా కనిపిస్తాయి. ఏ సిద్ధాంతాన్నైనా మొదట అడగాల్సింది 'ఇది ఏ భాగానికి సమాధానం?' అని. కింది సగానికి పనికొచ్చే ఉపాయం శిఖరానికి పనికిరాదు. శిఖరానికి పనికొచ్చేదాన్ని కింద వాడితే రెండు నిమిషాలకో రాయి కదలదు. మొత్తానికీ ఒకే కిటుకు ఉండాలని మనం అనుకోవడమే ఈ చర్చని వందేళ్లుగా గందరగోళపెట్టిందని నా అభిప్రాయం.

శక్తి లెక్క కూడా వేసి చూద్దాం. పిరమిడ్ బరువు దాదాపు 60 లక్షల టన్నులు. దాన్ని సగటున 37 మీటర్లు పైకి లేపడానికి కావలసిన శక్తిని, ఒక కూలీ రోజంతా కష్టపడితే దక్కే సుమారు 250 కిలోజౌళ్లతో భాగిస్తే, 86 లక్షల పనిదినాలు వస్తాయి. ఏడాదికి 300 రోజుల చొప్పున 20 ఏళ్లకు పంచితే రోజుకు 1,400 మందికి కాస్త పైన. అంతే! అయితే ఇది రాపిడి అనేది లేని లోకంలో లెక్క. చక్రాల్లేని చెక్కబల్ల మీద రాయిని కట్టి, పదికి ఒకటి చొప్పున లేచే వాలు మీద లాగితే, నేల రాపిడికే మూడింతల కష్టం అదనంగా పోతుంది. అప్పుడు 1,400 మంది కాస్తా 5,700 దాటుతారు. వాళ్ల అసలు శత్రువు ఎత్తు కాదు, రాపిడి.

దీని మీద ఈజిప్షియన్లే ఒక బొమ్మ వేసి వెళ్లారు. దైర్ అల్ బర్షాలో జెహుతిహోటెప్ అనే ప్రాంతీయ పాలకుడి సమాధి ఉంది. ఖుఫు కాలానికి ఆరేడు వందల ఏళ్ల తర్వాతిది. అందులోని గోడచిత్రంలో ఆయన బ్రహ్మాండమైన విగ్రహాన్ని చెక్కబల్ల మీద నిలబెట్టి 172 మంది తాళ్లతో లాగుతున్నారు. విగ్రహం బరువు 58 టన్నులు ఉండొచ్చని అంచనా. బల్ల ముందుభాగంలో ఒకడు నిలబడి, బల్ల వెళ్లే దారి మీద కుండతో నీళ్లు పోస్తున్నాడు. అదేదో పూజా తంతు అని చాలాకాలం కొందరు సరిపెట్టుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్తలు ప్రయోగశాలలో చిన్న బల్లని ఇసుక మీద లాగి చూశారు. పొడి ఇసుక బల్ల ముందు కుప్పగా పేరుకుపోతుంది. సరిగ్గా సరిపడా తడి ఉంటే రేణువుల మధ్య నీటి వంతెనలు ఏర్పడి ఇసుక గట్టిపడుతుంది, లాగడానికి కావలసిన బలం దాదాపు సగానికి తగ్గిపోతుంది. నీళ్లు ఎక్కువైతే మళ్లీ మొదటికే. పండగకి సముద్రపు ఒడ్డున గుడి కట్టే పిల్లలకి ఈ మోతాదు చేతికే తెలుసు. వాలు దారుల మీద ఇసుకే పరిచారని ఎవరూ అనడం లేదు. అక్కడ తడి బంకమట్టి, దాని కింద అడ్డంగా పేర్చిన దుంగలు వాడి ఉంటారు. లిష్ట్ దగ్గర తర్వాతి కాలపు పిరమిడ్ పరిసరాల్లో అలాంటి దుంగల దారులు బయటపడ్డాయి కూడా.

ఇప్పుడు వాలు దారి సంగతి. పాత పాఠ్యపుస్తకాల బొమ్మల్లో ఎడారిలోంచి నేరుగా శిఖరం దాకా పెద్ద మట్టి దారి ఉంటుంది. నూటికి ఎనిమిది చొప్పున వాలు అనుకుంటే దాని పొడవు 1.8 కిలోమీటర్లు. దాని కోసం పోయాల్సిన మట్టీ రాయీ పిరమిడ్‌తో పోటీపడతాయి. పైగా పిరమిడ్‌కి దక్షిణాన ఉన్న క్వారీ, అంటే లోపలి రాళ్లన్నీ తీసిన గొయ్యి, కొన్ని వందల మీటర్ల దూరంలోనే ఉంది. అందులోంచి తీసిన రాతి పరిమాణం పిరమిడ్ పరిమాణానికి దాదాపు సరిపోతోంది. పక్కనే రాయి ఉంటే రెండు కిలోమీటర్ల అవతల నుంచి దారి వేసేవాడు ఉండడు. అందుకని నేరుదారి సిద్ధాంతాన్ని కొట్టిపారేస్తారు.

కానీ 30 మీటర్ల లెక్క గుర్తుందా? క్వారీ నుంచి 300 మీటర్ల దారి, పదికి ఒకటి వాలు. అది 30 మీటర్లు ఎక్కుతుంది. అంటే శిఖరానికి పనికిరాదని కొట్టిపారేసిన ఆ నేరుదారే, పొట్టిగా వేస్తే, పిరమిడ్‌లో సగం రాతిని మోసేస్తుంది! మధ్యభాగానికి దాన్ని కొంత పొడిగించి, గోడల వెంట ఒదిగేలా తిప్పి ఉంటారన్నది ఇప్పుడు చాలామంది పురావస్తు శాస్త్రవేత్తలు ఒప్పుకునే చిత్రం.

వాలు ఎంత నిటారుగా ఉండొచ్చన్నదానికి 2018లో ఒక కొత్త ఆధారం దొరికింది. హత్‌నుబ్ అనే ప్రాచీన అలబాస్టర్ క్వారీలో ఫ్రెంచ్, బ్రిటిష్ బృందం ఒక వాలు దారిని బయటపెట్టింది. అక్కడి శాసనాలను బట్టి అది కనీసం ఖుఫు కాలం నాటిదైనా అయి ఉండాలి. వాలు నూటికి 20 దాటింది. దారికి రెండు పక్కలా మెట్లు, మెట్ల పక్కనే వరసగా గుంజలు పాతిన గుంతలు. తాడుని గుంజకి చుట్టి లాగితే, లాగేవాళ్లలో కొందరు వాలు దిగుతూ తమ ఒంటి బరువుని కూడా వాడుకోవచ్చు. అంత నిటారు దారిలో ఒక్కసారిగా కావలసిన బలం ఎక్కువ, కానీ దారి పొట్టిది కాబట్టి రాపిడికి పోయే మొత్తం కష్టం తక్కువ. క్వారీలో చేసింది పిరమిడ్ దగ్గరా చేశారని దీనితో రుజువైపోదు. ఆ పనివాళ్లకి ఆ విద్య తెలుసు, అంతవరకే.

మనుషుల విషయంలో మాత్రం ఊహలతో పని తగ్గింది. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ అనే పాత రేవులో ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రవేత్త పియర్ తాలే బృందానికి పపైరస్ అనే రెల్లు కాగితపు చుట్టల ముక్కలు దొరికాయి. ఇప్పటిదాకా దొరికిన రాతతో ఉన్న పపైరస్‌లలో ఇవే పురాతనమైనవి. వాటిలో ఒకటి మెరెర్ అనే మేస్త్రీ దినచర్య. అతని కింద సుమారు 40 మంది ముఠా. నైలుకి అవతలి ఒడ్డున తూరా క్వారీల్లో పిరమిడ్ పైపొరకి వాడే మేలురకం తెల్ల సున్నపురాయిని పడవకెక్కించడం, వరద నీటి కాలువల మీదుగా గీజాకి చేర్చడం, మళ్లీ ఖాళీ పడవతో వెనక్కి. పది రోజుల్లో రెండు మూడు తిరుగుళ్లు. రోజువారీగా నిలువు గళ్లు గీసి ఎక్కడ పడుకున్నారో, ఏం మోశారో రాసుకున్నాడు. ఇందులో ఆశ్చర్యార్థకాలేమీ లేవు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు రిజిస్టర్ చదువుతున్నట్టే ఉంటుంది. గీజా ముఖద్వారంలోని రేవుకి పైఅధికారిగా ఖుఫు సవతి సోదరుడు అంఖ్‌హాఫ్ పేరు కూడా అందులో ఉంది. ఆ రాతలు ఖుఫు పాలనలో 26, 27వ ఏళ్ల నాటివని లెక్క తేల్చారు. అంటే గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ చెప్పిన 20 ఏళ్లకంటే నిర్మాణానికి ఎక్కువ వ్యవధే ఉండి ఉండొచ్చు. రెండు నిమిషాలకో రాయి అన్న వేగం కూడా ఆ మేరకు తగ్గుతుంది.

ఇక కూలీల ఊరు. పిరమిడ్లకి దక్షిణంగా అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త మార్క్ లేనర్ తవ్విన చోట రొట్టెలు కాల్చిన బట్టీలు, బారుగా ఉన్న వసతి గదులు, గొర్రెల, మేకల, పశువుల ఎముకల గుట్టలు బయటపడ్డాయి. 1990లో ఒక గుర్రం కాలు మట్టి ఇటుకల గోడకి తగలడంతో పనివాళ్ల సమాధులు వెలుగులోకి వచ్చాయి. ఈజిప్టు పురావస్తు శాస్త్రవేత్త జాహీ హవాస్ బృందం తవ్విన ఆ సమాధుల్లో నడుం అరిగిపోయిన అస్థిపంజరాలు, విరిగి మళ్లీ చక్కగా అతికిన ఎముకలు ఉన్నాయి. రాజు సమాధి నీడలో సొంత సమాధి కట్టుకున్నవాళ్లని బానిసలనడం కష్టం. అలాగని ఇష్టపడి వచ్చారనీ అనలేం. వంతుల వారీగా వచ్చి తీరాల్సిన రాజ్యపు వెట్టి అనుకోవడం ఉన్నవాటిలో నమ్మదగిన మాట. మొత్తం సిబ్బంది 20 వేల చుట్టుపక్కల ఉంటారని ఇప్పటి అంచనా. హెరోడోటస్ లక్ష అన్నాడు. ఆయన గీజా చూసేనాటికే పిరమిడ్ వయసు రెండు వేల ఏళ్లు దాటింది. ఆయన విన్నది గైడ్ల కథలు.

మిగతా సిద్ధాంతాల్లో రెండు మూడు ఆగి చూడదగ్గవి. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ దావిదోవిత్స్ రాళ్లని చెక్కలేదు, కాంక్రీటులా పోతపోశారన్నాడు. ఎత్తే బాధే ఉండదు, తట్టలతో మోసి పైనే పోసుకోవచ్చు. వినడానికి ముచ్చటగా ఉంది. కానీ ఆ రాళ్లలో నుమ్యులైట్లనే చిన్న సముద్రజీవుల శిలాజాలు సముద్రపు అడుగున సహజంగా పేరుకున్న పొరల్లోనే ఉన్నాయి. లోపలి రాళ్లు ఏ రెండూ ఒక్క కొలతలో లేవు, అచ్చులో పోస్తే అలా ఉండవు. అన్నిటికీ మించి పక్కనే క్వారీ, దాని గోడల నిండా రాయి తీసిన చాళ్లు.

వాస్తుశిల్పి జాఁ పియర్ హూదాఁది ఇంకా అందమైన ఊహ. కింది 43 మీటర్లకి బయట దారి, ఆపైన పిరమిడ్ శరీరంలోపలే మెలికలు తిరుగుతూ పైకెళ్లే సొరంగ దారి. భాగాలుగా ఆలోచించడం వల్ల నాకు ఇది నచ్చుతుంది. 1980ల్లో జరిగిన గురుత్వాకర్షణ సర్వేలో మెలికల్లాంటి తక్కువ సాంద్రత ఆనవాళ్లు కనిపించాయని దీనికి బలంగా చెబుతారు. అయితే 2015 నుంచి స్కాన్‌పిరమిడ్స్ ప్రాజెక్టు అంతరిక్ష కిరణాలు వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే మ్యువాన్ కణాలతో లోపలిని చూస్తోంది. 2017లో పిరమిడ్ లోపల గ్రాండ్ గ్యాలరీ అనే ఎత్తైన వాలు నడవా పైన కనీసం 30 మీటర్ల పొడవున్న పెద్ద ఖాళీ కనిపించింది. ఉత్తర ముఖం వెనక 9 మీటర్ల నడవా ఉన్నట్టు 2023లో ఎండోస్కోప్ కెమెరా పంపి ఫోటోలే తీశారు. మెలికల దారి మాత్రం ఆ ఫలితాల్లో లేదు. ఖుఫుకి ముందటి రాజు జోసెర్ మెట్ల పిరమిడ్‌కి నీటి బలంతో పనిచేసే లిఫ్టు వాడారని 2024లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. అది వేరే పిరమిడ్, అక్కడి రాళ్లు చిన్నవి. ఆ ఊహకి కావలసినన్ని నీళ్లు అక్కడ ఉండేవా అన్న దగ్గరే చాలామంది ఆగిపోయారు.

అసలు కష్టం ఎక్కడుంది? నా లెక్కలో రెండు చోట్ల. మొదటిది పిరమిడ్ లోపలి రాజు గది కప్పు. 800 కిలోమీటర్ల దూరంలోని అస్వాన్ నుంచి తెచ్చిన గ్రానైట్ దూలాలవి, 25 టన్నుల నుంచి 80 టన్నుల దాకా అంచనాలున్నాయి. రాజు గది నేల 43 మీటర్ల ఎత్తున ఉంది, ఆ పైన ఐదు చిన్న అరలు. కాబట్టి బరువైన రాళ్లేవీ 60 మీటర్లు పెద్దగా దాటలేదు, వాటిని తెచ్చేటప్పుడు చుట్టూ విశాలమైన తిన్నె ఇంకా ఉంది. పైకి వెళ్లేకొద్దీ వరసల మందం కూడా తగ్గింది, అట్టడుగున మీటరున్నర, శిఖరం దగ్గర అర మీటరు చిల్లర. తగ్గడం నున్నగా జరగలేదు. 35వ వరస దగ్గర ఒక్కసారిగా మళ్లీ మందం రాళ్లు వస్తాయి, క్వారీలో కొత్త పొర తగిలిందేమో.

రెండోది కొస. చివరి పది మీటర్లలో ఉండేది సుమారు 800 ఘనమీటర్ల రాయి, మొత్తంలో అదెంత? కానీ అక్కడ దారి వేయడానికి, ముఠా నిలబడి లాగడానికి చోటుండదు. పొట్టి కర్రలతో చేసిన యంత్రాలతో రాళ్లని ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి ఎక్కించారని హెరోడోటస్ రాసినదాన్ని మొత్తం పిరమిడ్‌కి వర్తింపజేస్తే హాస్యాస్పదమే. ఈ కొసకైతే సరిగ్గా అతుకుతుంది: రాయి ఒక పక్కని మీటతో లేపి కింద చెక్క పెట్టు, రెండో పక్కని లేపి చెక్క పెట్టు, అలా మెట్టు ఎక్కే దాకా. నెమ్మదైన పని, కానీ రాళ్లే తక్కువ.

దీన్ని ఖుఫు పిరమిడ్ మీద పరీక్షించడానికి వీల్లేదు. పైనుంచి దాదాపు ఎనిమిది మీటర్లు ఇప్పుడు లేవు, తూరా పైపొర రాళ్లని కైరో భవనాల కోసం ఎప్పుడో ఊడదీసుకుపోయారు. పక్కన ఖుఫు కొడుకు ఖాఫ్రె పిరమిడ్‌కి మాత్రం కొస దగ్గర పైపొర ఇంకా అంటుకునే ఉంది. మీటలు పెట్టడానికి చెక్కిన గంట్లు, రాయి మోసేటప్పుడు పట్టు కోసం వదిలిన బొడిపెల ఆనవాళ్లు వెతకాలంటే వెతకాల్సింది అక్కడ.