డెల్టా పాత వడ్లు ఎక్కడికి పోయాయి? విత్తన బ్యాంకుల నేపథ్యం

గోదావరి డెల్టాలో నాట్లు వేసిన కొత్తలో మడి మునిగితే మామూలు వరి వారం మించి తట్టుకోలేదు. నీటి పైకి రావాలని మొక్క పొడుగ్గా సాగుతుంది. ఒంట్లో ఉన్న పిండిపదార్థమంతా ఆ సాగుడుకే ఖర్చయిపోయి, నీరు తీశాక కూలబడి కుళ్లిపోతుంది. స్వర్ణ అనే రకానిదీ అదే తీరు. దానికి ముంపు తట్టుకునే సబ్-1 జన్యువును చేర్చి 2009లో విడుదల చేసిన స్వర్ణ సబ్-1 మాత్రం మునిగినప్పుడు ఎదుగుదల ఆపుకుని, రెండు వారాల దాకా ఓర్చుకుని, నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది. ఆ గుణం ఒడిశాకు చెందిన ధాల్‌పుట్టియా అనే నాటు వరిది. దాన్నుంచి ఏరి తీసిన ఎఫ్ఆర్ 13ఏ వడ్లు విత్తన నిల్వల్లో భద్రంగా ఉండబట్టే పశ్చిమ గోదావరిలోని మారుటేరు పరిశోధనా కేంద్రంలో పుట్టిన స్వర్ణకు ముంపు తట్టుకునే శక్తి వచ్చింది. అయితే ఇది పైరు ఎదిగే దశలో వచ్చే జులై, ఆగస్టు వరదలకే పనికొస్తుంది. కోతకొచ్చిన చేను నవంబరు తుపానుకు పడిపోతే సబ్-1 చేసేదేమీ లేదు.

డెల్టాకు సొంత వడ్లు లేకపోలేదు. అక్కుళ్లు, కృష్ణకాటుకలు, ఆట్రగడ, బాసంగి వంటి పేర్లు పెద్ద రైతుల నోట ఇప్పటికీ వినపడతాయి. పల్లానికి ఒకటి, మెరకకు ఒకటి, చౌడుకు ఇంకొకటి. ఇవి తగ్గిపోవడానికి హరిత విప్లవమే కారణమని చెప్పడం తేలిక కానీ, అది సగం కథే. కాటన్ హయాంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటినుంచి నారుమడి ఎప్పుడు పొయ్యాలో, కోత ఎప్పుడు ముగించాలో కాలువ నిర్ణయించింది. ఆ లెక్కలో ఇమడని రకాలకు చోటు తగ్గింది. 1925లో వెలసిన మారుటేరు పరిశోధనా కేంద్రం మొదట్లో నాటు రకాల్లోంచే మేలైన వెన్నులు ఎంచి శుద్ధ రకాలు తీసింది. దిగుబడి పెరిగింది, విత్తనమూ నిలిచింది. కానీ ఒక పేరు కింద కలిసి బతికిన వందల తేడాల్లోంచి ఒక్క వరస మిగిలింది.

అసలు కుదుపు 1967లో. ఆచంటలో నెక్కంటి సుబ్బారావు ఐఆర్-8 పండించి చూపారు. ఇండోనేషియా పొడుగు వరి పేటాకు, తైవాన్ పొట్టి వరి డీ-జియో-వూ-జెన్‌కు పుట్టిన రకం అది. యూరియా వేస్తే పాత పొడుగు రకాలు పడిపోయేవి, ఇది నిలబడింది. పొట్టి రకాలు, దండిగా నత్రజని, దగ్గర దగ్గర నాట్లు కలిసేసరికి మొక్క రసం పీల్చే సుడిదోమ విరుచుకుపడింది. దానికి విరుగుడూ కేరళ పట్టాంబి నుంచి వచ్చిన పీటీబీ 33 వంటి పాత వరుల్లోనే దొరికింది. 1982లో స్వర్ణ (ఎంటీయూ 7029), 1986లో బాపట్ల నుంచి సాంబమసూరి (బీపీటీ 5204) వచ్చాయి. రెండింటి వంశంలోనూ మసూరి అనే రకం ఉంది. పేర్లు వేరైనా ఈ చేలు దగ్గరి చుట్టాలే. తెగులుకు చుట్టరికం అనుకూలం.

పాత రకాలను కాపాడే పనికి 1976లో ఢిల్లీలో ఏర్పడిన జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థే కేంద్రం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో దాని శాఖ ఉంది. విత్తనాన్ని బాగా ఆరబెట్టి, గాలి చొరని అల్యూమినియం సంచుల్లో సీలు చేసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచుతారు. అలా వరి దశాబ్దాలు బతుకుతుంది. కాకపోతే ఏ ఏడు లోపలికి వెళ్లిందో ఆ ఏడు గుణంతోనే ఆగిపోతుంది. ఉప్పునీరు పైకెగదన్నుతున్న కోనసీమ చివరి భూముల్లో ఏటా పండుతూ మారే అవకాశం దానికి లేదు. అందుకే ఊళ్లోనూ నిల్వ ఉండాలి.

ఊరి విత్తన బ్యాంకులు చాలావరకు చెడేది తేమతోనే. సార్వా (ఖరీఫ్) వడ్లను 12 శాతం తేమకు ఆరబెట్టి గోనెసంచిలో పెడితే, వానాకాలపు గాలిలోని చెమ్మ పీల్చుకుని 14 దాటతాయి. అక్కడినుంచి బూజు, వడ్ల చిలుక, ముక్క పురుగు. గాదెలోనో పురిలోనో వేపాకు వేసి దాచిన విత్తనం వచ్చే సీజను దాకా ఆగుతుంది, మూడేళ్లు ఆగమంటే ఆగదు. విత్తనంలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు, నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గితే మరో రెట్టింపు అన్నది శాస్త్రవేత్తల మోటు లెక్క. కరెంటు ఖర్చు లేకుండా చేయగలిగింది మొదటిదే. రబ్బరు వాచరున్న డబ్బాలో వడ్లు, వాటి బరువంత సిలికాజెల్ గుడ్డసంచిలో పెట్టి మూసేయాలి. నీలి గుళికలు గులాబీ రంగుకు తిరిగితే తీసి వేడిచేసి మళ్లీ వాడాలి. దాళ్వా (రబీ) వడ్లను ఏప్రిల్ మధ్యాహ్నం సిమెంటు కళ్లం మీద పోస్తే మొలక మాడుతుంది. పొద్దున, సాయంత్రం బరకం మీద పలచగా పరవడం మేలు.

రెండో చేటు కలగలుపు. పక్క రకానికి కనీసం 3 మీటర్ల ఎడం కావాలి. యంత్రంతో కోస్తే అంతకుముందు చేలో వడ్లు లోపల మిగిలి ఇందులో పడతాయి కాబట్టి విత్తనపు చెక్కను చేత్తోనే కోసి, కొట్టాలి. అలాగని నాటు రకంలో తేడాగా కనిపించిన ప్రతి మొక్కనూ బెరుకని, అంటే కల్తీ మొక్కని, పీకేస్తే వైవిధ్యమే పోతుంది. ఏది ఆ రకంలో భాగమో దాన్ని పండించిన రైతునే అడగాలి. ఒక్క మంచి దుబ్బు నుంచి కాక, 50 నుంచి 100 మొక్కల నుంచి తలో వెన్ను తీయాలి.

మొలక పరీక్షకు 100 గింజలు తడిగుడ్డలో చుట్టి 14 రోజులు చూడాలి. ధ్రువీకృత వరి విత్తనానికి 80 మొలవాలన్నది నిబంధన. కోసిన కొత్తలో నిద్రావస్థ వల్ల మొలవని వడ్లను చచ్చాయనుకుని పారేసినవాళ్లున్నారు, కొన్ని వారాలు ఆగి మళ్లీ పరీక్షించాలి. అప్పుగా ఇచ్చిన విత్తనం తిరిగొచ్చేటప్పుడు కలగలుపై వస్తుంది. అందుకని అసలు నిల్వలో కొంత ఎవరికీ ఇవ్వకుండా, వరద ఎక్కని ఎత్తులో, వేరే ఊళ్లోనూ ఒక వంతు దాచాలి. ఏడాది, రెండేళ్లకోసారి చేలో వేసి కొత్త వడ్లు చేసుకోవాలి.

ఈమధ్య దేశీ విత్తనాల ప్రదర్శనల్లో నవార, మాపిళ్లై సాంబ బాగా కనిపిస్తున్నాయి. మంచివే, కానీ ఒకటి కేరళది, ఒకటి తమిళనాడుది. వాటి పక్కన అక్కుళ్ల డబ్బా లేకపోతే డెల్టా విత్తనాన్ని కాపాడినట్టు కాదు. తెచ్చిన నాలుగు బస్తాలను మిల్లు విడిగా ఆడకపోవడం, వ్యాపారి ధర కట్టకపోవడం కూడా రైతు వెనక్కి తగ్గడానికి పెద్ద కారణాలు.

లంకల్లో చిక్కు ఇంకో రకం. అరటికి విత్తనం లేదు. కొబ్బరికాయను ఎండబెట్టి గడ్డకట్టించలేం. కొవ్వూరులో అరటి, అంబాజీపేటలో కొబ్బరి పరిశోధనా కేంద్రాలు ఉన్నా, ఈ పంటల రకాలను తోటగానే బతికించుకోవాలి. అరటిని ఎండగొట్టే పనామా తెగులు సోకిన తోట నుంచి అమృతపాణి అరటి పిలకలు తెస్తే తెగులూ వెంట వస్తుంది, మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అరటి రకాల నకళ్లను గాజు నాళికల్లో, ద్రవ నత్రజనిలో ఉంచే అంతర్జాతీయ సేకరణ బెల్జియంలోని లూవెన్‌లో ఉంది. కొబ్బరి రకాలు ఇప్పటికీ ఎక్కువగా తోటల్లోనే ఉన్నాయి, వాటిలో చాలా తోటలు తీరం పక్కనే.