ఆకు మీద కేసరాలు ఎందుకు మొలవవు?

మొక్క వేరులో, ఆకులో, పువ్వులో ఉన్న డీఎన్ఏ ఒకటే. అంటే కేసరాలను, అండకోశాన్ని తయారుచేసే జన్యువులు ఆకు కణంలో కూడా ఉన్నాయి. మరి అవి అక్కడ ఎందుకు పనిచేయవు?

ఆకుకు కావలసిన జన్యువులే అక్కడ పనిచేస్తాయి కాబట్టి అంటాం. అది సగం జవాబే. అక్కర్లేనివాటిని గట్టిగా ఆపి ఉంచడం కూడా మొక్కకు రోజువారీ పని, నన్నడిగితే అసలు విశేషం అంతా అక్కడే ఉంది.

డీఎన్ఏ కేంద్రకంలో ఊరికే దారంలా పడి ఉండదు. హిస్టోన్లనే ప్రోటీన్ల ఉండల చుట్టూ, ఒక్కో ఉండకు సుమారు 147 అక్షరాల మేర చుట్టుకుని ఉంటుంది. ఈ మొత్తాన్నీ క్రొమాటిన్ అంటారు. హెచ్3 అనే హిస్టోన్ తోకలో 27వ స్థానంలోని లైసిన్ అనే అమైనో ఆమ్లానికి గుర్తులా మూడు మిథైల్ గుంపులు (చిన్న రసాయన ముక్కలు) తగిలిస్తే అక్కడి జన్యువు అణిగిపోతుంది, డీఎన్ఏలో ఒక్క అక్షరం కూడా మారదు. తగిలించేది పాలీకోంబ్ ప్రోటీన్ల బృందం. పరిశోధకులు ఎక్కువగా వాడే అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఉన్న దాదాపు 27 వేల జన్యువుల్లో 4 వేలకు పైగా ఈ గుర్తు కనిపించింది. వాటిలో చాలావరకు ఏదో ఒక భాగంలోనో, ఏదో ఒక దశలోనో మాత్రమే అవసరమయ్యేవి.

ఈ కాపలా తీసేస్తే ఏమవుతుంది? 1997లో వెలువడిన ఒక పరిశోధన దీన్ని కళ్ళకు కట్టింది. పాలీకోంబ్ బృందంలోని 'కర్లీ లీఫ్' అనే జన్యువు చెడిపోయిన మొక్కల్లో ఆకులు చిన్నవై లోపలికి ముడుచుకుపోయాయి, మొక్క తొందరగా పూతకొచ్చింది. ఆకుల్లో చూస్తే, పువ్వులో మాత్రమే పనిచేయాల్సిన 'అగామస్' అనే జన్యువు పనిచేస్తోంది! కర్లీ లీఫ్‌తో పాటు దాని జోడీ 'స్వింగర్' కూడా పోతే పరిస్థితి ఇంకా ఘోరం. విత్తనం మొలకెత్తుతుంది గానీ తర్వాత ఆకూ వేరూ అన్న తేడా చెదిరిపోయి, మొక్క కణాల ముద్దగా మారిపోతుంది, దాని మీద పిండాల్లాంటివి పుడతాయి. ఆకుగా ఉండటం అనేది ఒకసారి తేలిపోయే విషయం అనుకుంటాం కదా, కాదు, అది నిత్యం కాపాడుకోవాల్సిన స్థితి.

కణం విభజన చెందినప్పుడల్లా మిథైల్ గుర్తు ఉన్న పాత హిస్టోన్లు రెండు డీఎన్ఏ ప్రతులకూ పంచుకుపోతాయి, మధ్యలో గుర్తులేని కొత్తవి చేరతాయి, అలా గుర్తు పలచబడుతుంది. పాలీకోంబ్ ఎంజైము పాత గుర్తును పట్టుకుని పక్కనున్న కొత్త హిస్టోన్లకూ వేస్తుంది. గుర్తును చెరిపే ఎంజైములు కూడా వేరే ఉన్నాయి.

ఈ పలచబడటాన్నే మొక్క గడియారంలా వాడుకునే చోటు ఒకటుంది. మొగ్గలో అగామస్ ప్రోటీన్ 'నకిల్స్' అనే జన్యువు దగ్గరికి వెళ్ళి పాలీకోంబ్‌ను పక్కకు నెట్టేస్తుంది. అయినా పాత గుర్తు వెంటనే పోదు, కణాలు విభజన చెందుతుంటే కొద్దికొద్దిగా తగ్గుతుంది, నకిల్స్ మేలుకోవడానికి దాదాపు 2 రోజులు పడుతుంది. ఆలోపు అండకోశానికి సరిపడా కణాలు తయారవుతాయి, తర్వాత నకిల్స్ వచ్చి, కొత్త కణాలను పుట్టిస్తూ ఉండే మూలకణాల పనికి తెర దించుతుంది. నకిల్స్ చెడిపోయిన మొక్కల్లో అండకోశం లోపలే మళ్ళీ కేసరాలు, అండకోశాలు పుట్టుకొస్తాయి.