సీసం, కాడ్మియం, పాదరసం మన ఖనిజాలతో ఏం చేస్తాయి? అపోహలు - వాస్తవాలు

బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పని చేస్తాను కాబట్టి ఈ మాటలు తరచూ నా చెవిన పడతాయి. కొన్నిటిలో సగం నిజం ఉంటుంది, చిక్కంతా అక్కడే.

అపోహ: ఐరన్ లోపం వేరు, సీసం విషం వేరు.

వాస్తవం: రెండూ పేగు దగ్గరే కలుస్తాయి. తిండిలోని ఐరన్‌ని లోపలికి తీసుకునే డీఎంటీ1 అనే ప్రొటీన్ కాడ్మియంని కూడా పంపించేస్తుంది, పైగా ఐరన్ తగ్గేకొద్దీ పేగు ఆ ప్రొటీన్‌ని ఇంకా ఎక్కువ తయారుచేసుకుంటుంది. సీసం కూడా ఐరన్ తక్కువున్న పిల్లల ఒంట్లోకే ఎక్కువ చేరుతుంది. చేరాక ఊరుకోదు. హిమోగ్లోబిన్‌లో ఐరన్ ఉండే భాగమైన హీమ్ తయారీలో ఐరన్‌ని దాని చోట కూర్చోబెట్టే ఫెర్రోకిలటేజ్ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది, దాంతో ఆ చోట్లో జింక్ కూర్చుంటుంది. మేం కొలిచే జింక్ ప్రోటోపార్ఫిరిన్ ఇదే. కాకపోతే ఉత్త ఐరన్ లోపంలోనూ ఈ అంకె పెరుగుతుంది, అందుకని దీన్ని బట్టి తేల్చేయకూడదు, రక్తంలో సీసాన్ని నేరుగా కొలవాల్సిందే.

అపోహ: రక్తంలో సీసం తగ్గింది, ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: తగ్గిందంతా మూత్రంలో పోయినట్టు కాదు. సీసం కాల్షియంలా ఎముకల్లో చేరి దశాబ్దాలు ఉండిపోతుంది. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు ఎముకలోంచి కాల్షియం బయటికొస్తే దాని వెంటే ఇదీ వస్తుంది. తగినంత కాల్షియం తీసుకోవడం ఇక్కడ నిజంగానే పనికొస్తుంది.

అపోహ: జింక్, సెలీనియం మాత్రలు వేసుకుంటే లోహాలు కొట్టుకుపోతాయి.

వాస్తవం: లోపాన్ని పూడ్చడం వేరు, లోహాన్ని బయటికి పంపడం వేరు. పాదరసం సెలీనియంని గట్టిగా పట్టేసి, దాని మీద నడిచే ఎంజైములను పనికి రాకుండా చేస్తుంది, నిజమే. కాడ్మియం మాత్రం మెటలోథయోనిన్ అనే ప్రొటీన్‌కి అతుక్కుని కిడ్నీలో 10 నుంచి 30 ఏళ్లు తిష్ఠ వేస్తుంది, మాత్రలకు కదలదు. జింక్ మోతాదు మించి నెలల తరబడి వాడితే కాపర్ పడిపోతుంది, దాంతో రక్తహీనత, నరాల సమస్యలు కొత్తగా మొదలవుతాయి.

అపోహ: కీలేషన్ (లోహాలను పట్టుకుని మూత్రంలోకి పంపే మందు ఇవ్వడం) చేయించుకుంటే ఒళ్లు శుభ్రమవుతుంది.

వాస్తవం: నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇదే. ఇందులో వాడే ఈడీటీఏ అనే మందుకి మంచి లోహం, చెడ్డ లోహం అన్న తేడా తెలీదు, జింక్‌ని కూడా ఊడ్చుకుపోతుంది. అందులో డైసోడియం రకం ఎక్కించడం వల్ల కాల్షియం పడిపోయి ప్రాణాలు పోయిన పిల్లలున్నారు. సీసానికి పిల్లల్లో సాధారణంగా రక్తంలో అది డెసిలీటరుకు 45 మైక్రోగ్రాములకు చేరితేనే డాక్టర్లు కీలేషన్ మొదలుపెడతారు. ఇంకో వ్యవహారం, ముందు ఈ మందు ఇచ్చి తర్వాత మూత్రం పట్టి 'చూశారా, మీ ఒంట్లో ఎన్ని లోహాలో' అనడం. ఆ మందు పడితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మూత్రంలో కూడా లోహాలు పెరుగుతాయి, రిపోర్టులో పక్కన అచ్చేసిన నార్మల్ అంకెలేమో మందు వేసుకోనివాళ్లవి! అలాంటి రిపోర్టు చేతికొస్తే, శాంపిల్ తీసే ముందు ఏం ఇచ్చారో మొదట అడగండి.